19వ సవరణ, 1964 పౌరహక్కుల చట్టం, 1965 ఓటు హక్కు చట్టం: వీటి ప్రభావాన్ని ఎలా పోల్చాలి?

మీ ప్రశ్న ఇది: అమెరికాలో మహిళలకు ఓటు హక్కు తెచ్చిన 1920 నాటి 19వ రాజ్యాంగ సవరణ, వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం, నల్లజాతి ఓటుకున్న అడ్డంకులు తీసిన 1965 ఓటు హక్కు చట్టం, ఈ మూడింటిలో దేని ప్రభావం ఎక్కువ? పోల్చాలంటే దేన్ని కొలవాలి?

ఎంతమందికి హక్కు వచ్చిందని తలలు లెక్కపెడితే 19వ సవరణకు పోటీ లేదు. ఓటు వేయడానికి అర్హత ఉన్నవారి సంఖ్య దాదాపు రెట్టింపైంది. చట్టం వచ్చాక ఊళ్లో పరిస్థితి ఎంత త్వరగా మారిందని చూస్తే 1965 చట్టానిదే పైచేయి. నా అభిప్రాయంలో అసలు కొలవాల్సింది వేరే ఉంది. చట్టాన్ని ఎవరైనా ఉల్లంఘిస్తే కోర్టుకు ఎవరు వెళ్లాలి, ఖర్చు ఎవరు పెట్టుకోవాలి, రుజువు చేసే బాధ్యత ఎవరిది? ఈ మూడు చట్టాల ఫలితాల్లో కనిపించే తేడాలు చాలావరకు ఇక్కడే పుట్టాయి.

ముందు 15వ, 19వ సవరణల పాఠాలను పక్కపక్కన పెట్టి చదవండి. జాతి, రంగు, గతంలో బానిసగా ఉండటం అనే కారణాలతో పౌరుల ఓటు హక్కును కేంద్రం గానీ రాష్ట్రం గానీ నిరాకరించరాదు, కుదించరాదు అని 1870 నాటి 15వ సవరణ చెబుతుంది. 19వ సవరణ అదే వాక్యాన్ని తీసుకుని, కారణాలున్న చోట లింగాన్ని పెట్టింది. అమలుకు చట్టాలు చేసే అధికారం కాంగ్రెస్‌దే (అమెరికా పార్లమెంటుదే) అన్న రెండో భాగం రెండింటిలోనూ ఉంది. అయినా దక్షిణాది రాష్ట్రాల్లో 15వ సవరణ 1890ల నుంచి 70 ఏళ్లకు పైగా కాగితం మీదే ఉండిపోయింది. 19వ సవరణ సంగతి అలా కాదు. 1920 ఆగస్టు 18న 36వ రాష్ట్రంగా టెన్నెసీ ఆమోదించింది, 26న అధికారికంగా ప్రకటించారు, నవంబర్ ఎన్నికల్లోనే లక్షల మంది మహిళలు ఓటు వేశారు. కారణం సూటిగానే ఉంది. శ్వేతజాతి మహిళలు నమోదుకు వెళితే ఆపాలన్న పట్టుదల చాలా చోట్ల అధికారులకు లేదు. పైగా రెండు పార్టీలకూ ఆ ఓట్లు కావాలి. వయోమింగ్ ప్రాంతం 1869లోనే ఇచ్చింది. కాలిఫోర్నియా 1911లో, న్యూయార్క్ 1917లో ఇచ్చాయి. అలా ముందే పూర్తి ఓటు హక్కు ఇచ్చిన రాష్ట్రాలు చాలానే ఉన్నాయి కాబట్టి అలవాటైన పద్ధతినే మిగతా దేశానికి విస్తరించినట్టయింది. ప్రతిఘటన లేని చోట నిషేధం ఒక్కటే సరిపోతుంది.

మన దేశం నుంచి చూసేవారికి ఇక్కడ ఒక విషయం తెలియాలి, లేకపోతే ఈ చరిత్ర సగమే అర్థమవుతుంది. మన దగ్గర ఓటర్ల జాబితా ఎన్నికల సంఘం బాధ్యత. బూత్ స్థాయి అధికారి ఇంటికొచ్చి వివరాలు రాసుకుంటారు. అమెరికాలో ఆ రోజుల్లో నమోదు ఓటరు తన పూచీ మీద చేసుకోవాల్సిన పని. దాన్ని నడిపేది రాష్ట్రం, కౌంటీ (మన జిల్లా లాంటిది). అంటే కౌంటీ రిజిస్ట్రార్ అనే ఒక్క మనిషి బల్ల దగ్గరే రాజ్యాంగ హక్కు ఆగిపోగలిగేది. గడువు, రుసుము, ఫారం, సాక్షి, పరీక్ష, ఇలా ప్రతి మెట్టు దగ్గరా ఒకరిని వెనక్కి పంపగలిగేవారు.

1920లోనే ఇది బయటపడింది. జార్జియా, మిసిసిపీ రాష్ట్రాల్లో నమోదు గడువు దాటిపోయిందన్న కారణం చూపి ఆ నవంబర్‌లో మహిళలను ఓటు వేయనివ్వలేదు. అప్పటి పోలింగ్ వివరాల నుంచి రాజనీతి పరిశోధకులు కెవిన్ కోర్డర్, క్రిస్టీనా వోల్‌బ్రెక్ట్ వేసిన అంచనా ప్రకారం 1920లో మహిళల్లో సుమారు 36 శాతం, పురుషుల్లో 68 శాతం ఓటు వేశారు. వాళ్లు పరిశీలించిన రాష్ట్రాల్లో కెంటకీ మహిళల శాతం 57, వర్జీనియాలో కేవలం 6. కెంటకీలో రెండు పార్టీల మధ్య పోటీ గట్టిగా ఉంది, నియమాలు సులువు. వర్జీనియాలో పోల్ టాక్స్ (ఓటు వేయాలంటే కట్టాల్సిన పన్ను) ఉంది, నమోదు కష్టం, ఒకే పార్టీ రాజ్యం. రెండు చోట్లా వర్తించిన సవరణ ఒకటే. కాబట్టి "మహిళలు ఓటును పట్టించుకోలేదు" అని అప్పటి పత్రికలు తేల్చేసిన మాటను మీ వ్యాసంలోకి తెచ్చుకోకండి.

ఇక్కడే ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. 1916లో 61 శాతం దాటిన పోలింగ్ 1920లో 49 శాతానికి పడిపోయిందని, సవరణ వల్ల ఓటింగ్ తగ్గిందని రాస్తుంటారు. పడిన ఓట్ల సంఖ్య నిజానికి చాలా పెరిగింది. హారంలోకి ఒక్కసారిగా మహిళలందరూ చేరడంతో శాతం తగ్గింది. ముందు వెనక పోల్చేటప్పుడు హారం మారిందా అని ముందుగా చూసుకోవాలి. 1980 నుంచి ప్రతి అధ్యక్ష ఎన్నికలోనూ మహిళల ఓటింగ్ శాతమే పురుషుల కంటే ఎక్కువ. అంటే 1920 ఫలితాన్ని 1920లోనే కొలిస్తే సగం ప్రభావం కంటికి ఆనదు.

ఇప్పుడు నల్లజాతి మహిళల విషయం. 19వ సవరణ లింగం అనే ఒక్క అడ్డంకిని తీసింది. జాతి పేరెత్తకుండా జాతిని ఏరివేసే అడ్డంకులు అలాగే మిగిలాయి. మిసిసిపీలో 1950ల నడుమ నుంచి అమల్లో ఉన్న పద్ధతి చూడండి. 21 ప్రశ్నల ఫారం సొంత చేతితో నింపాలి. 280కి పైగా సెక్షన్లున్న రాష్ట్ర రాజ్యాంగంలోంచి రిజిస్ట్రార్ చూపించిన సెక్షన్‌ను రాసి, దాని అర్థం వివరించాలి. ఆ వివరణ సరిపోయిందా లేదా అన్నది రిజిస్ట్రార్ ఇష్టం. ఏ సెక్షన్ ఇవ్వాలన్నదీ ఆయన ఇష్టమే. శ్వేతజాతి దరఖాస్తుదారుకు ఒక్క వాక్యం ఉన్న సెక్షన్, నల్లజాతి ఉపాధ్యాయుడికి న్యాయవాదులకే కొరుకుడు పడని సెక్షన్. 1962లో తెచ్చిన చట్టంతో దరఖాస్తు చేసినవారి పేర్లను రెండు వారాల పాటు స్థానిక పత్రికలో వేయడం మొదలైంది. ఎవరు ఓటు అడుగుతున్నారో భూస్వామికి, అప్పిచ్చినవాడికి, యజమానికి తెలియడానికి అదే చాలు.

మిసిసిపీలో తోట పని చేసే నల్లజాతి మహిళ ఫ్యానీ లూ హేమర్ 1962 ఆగస్టు 31న ఇండియనోలా పట్టణంలోని కోర్టు భవనానికి నమోదు కోసం వెళ్లారు. పరీక్షలో తప్పారని చెప్పారు. 18 ఏళ్లు పనిచేసిన తోట నుంచి ఆ రాత్రే వెళ్లగొట్టారు. మరుసటి జనవరిలో పరీక్ష నెగ్గినా, పోల్ టాక్స్ రశీదులు లేవని ఓటు వేయనివ్వలేదు. అప్పటికి 19వ సవరణకు 40 ఏళ్లు దాటాయి. అందుకే "మహిళల ఓటు 1920, నల్లజాతి ఓటు 1965" అని రెండు అరలు కట్టి పోల్చడం నాకు సమ్మతం కాదు. దక్షిణాదిలోని నల్లజాతి మహిళకు 1920 హక్కు చేతికందింది 1965లోనే. 1965 చట్టం సాధించిన దానిలో కొంత 19వ సవరణ చెల్లించని బాకీయే.

1965కు ముందు కాంగ్రెస్ ఊరికే కూర్చోలేదు. 1957, 1960 పౌరహక్కుల చట్టాలు ఓటు కేసులు వేసే అధికారాన్ని న్యాయశాఖకు ఇచ్చాయి. అవి ఎందుకు విఫలమయ్యాయో అర్థం చేసుకుంటే 1965 చట్టం గొప్పతనం తెలుస్తుంది. కేసును ఒక్కో కౌంటీ మీద విడిగా వేయాలి. వేలకొద్దీ ఫారాలు తిరగేసి, ఒకే తప్పు చేసిన శ్వేతజాతి వ్యక్తిని ఎలా నమోదు చేశారో, నల్లజాతి వ్యక్తిని ఎలా తిప్పి పంపారో జతలు జతలుగా చూపాలి. మిసిసిపీలోని ఫారెస్ట్ కౌంటీ రిజిస్ట్రార్ థెరాన్ లిండ్ మీద 1961లో వేసిన కేసు పై కోర్టులు పదేపదే ఆదేశించినా ఏళ్ల తరబడి నడిచింది. తీర్పు వచ్చేసరికి రిజిస్ట్రార్ రాజీనామా చేయవచ్చు, లేదా పాత పరీక్ష తీసేసి కొత్తది పెట్టవచ్చు. అప్పుడు కేసు మళ్లీ మొదటికి. అలబామాలోని సెల్మాలో నమోదు కార్యాలయం నెలకు రెండు రోజులే తెరిచేవారు. అక్కడ కేసు గెలిచినా వరుసలో నిలబడ్డవారిలో ఎంతమంది లోపలికి వెళ్లగలరు?

1965 ఆగస్టు 6న సంతకమైన ఓటు హక్కు చట్టం ఈ భారాన్ని తలకిందులు చేసింది. సెక్షన్ 4లో ఒక సూత్రం పెట్టారు: 1964 నవంబర్ 1 నాటికి పరీక్షలాంటి నిబంధన ఉండాలి, నమోదు గానీ ఆ నవంబర్ పోలింగ్ గానీ 50 శాతం కంటే తక్కువ ఉండాలి. రెండూ ఉంటే ఆ ప్రాంతం చట్టం కిందికి వచ్చినట్టే. ఎవరి మనసులో ఏముందో రుజువు చేయనక్కర్లేదు, లెక్క చూస్తే చాలు. అలా వచ్చిన చోట పరీక్షలు అక్కడికక్కడ ఆగిపోయాయి. నమోదుకు కేంద్రం నుంచి ఎగ్జామినర్లను పంపే వీలు కలిగింది. మొదటి బృందాలు సంతకం జరిగిన కొద్ది రోజుల్లోనే సెల్మా లాంటి చోట్ల పని మొదలుపెట్టాయి. ఇక సెక్షన్ 5 ప్రకారం ఆ ప్రాంతాలు ఎన్నికల నియమం ఏది మార్చాలన్నా ముందే కేంద్ర న్యాయశాఖ అధిపతి అయిన అటార్నీ జనరల్‌కు గానీ వాషింగ్టన్‌లోని జిల్లా కోర్టుకు గానీ చూపాలి. అటార్నీ జనరల్‌కు 60 రోజుల గడువు. మార్పు వివక్ష చూపదని రుజువు చేయాల్సింది మార్చేవారే. పోలింగ్ కేంద్రాన్ని ఒక వీధి నుంచి ఇంకో వీధికి మార్చినా అనుమతి కావాలి.

అంకెలు చూడండి. పౌరహక్కుల కమిషన్ 1968 నివేదిక ప్రకారం మిసిసిపీలో నల్లజాతి నమోదు చట్టానికి ముందు 6.7 శాతం, 1967 నాటికి 59.8. అలబామాలో 19.3 నుంచి 51.6కు, జార్జియాలో 27.4 నుంచి 52.6కు పెరిగింది. రెండేళ్లలో ఇంత మార్పు అమెరికా ఎన్నికల చరిత్రలో అరుదు. ఈ అంకెలు వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. ఒకటి, ఇవి నమోదు శాతాలు. పోలైన ఓట్ల శాతాలతో కలపకండి. రెండు, అదే కాలంలో మిసిసిపీ శ్వేతజాతి నమోదు కూడా 69.9 నుంచి 91.5కు పెరిగింది. కొంత ఎదురు సమీకరణ వల్ల, కొంత పరీక్షలు పోవడం వల్ల. అందుకని నల్లజాతి శాతం ఒక్కటే కాక, రెండింటి మధ్య అంతరం ఎంత తగ్గిందో కూడా రాయాలి.

చట్టం వల్లే మార్పు వచ్చిందా, కాలం వల్ల వచ్చిందా అని తేల్చాలంటే నార్త్ కరోలినా మంచి నమూనా. పరీక్ష రాష్ట్రమంతటా ఉన్నా 100 కౌంటీల్లో 40 మాత్రమే 50 శాతం గీత కింద పడి సెక్షన్ 5 పరిధిలోకి వచ్చాయి. ఒకే రాష్ట్రం, ఒకే ప్రభుత్వం, పక్కపక్క కౌంటీలు. 19వ సవరణకు ఇలాంటి అవకాశం వేరే రూపంలో ఉంది. రాష్ట్రాలు వేర్వేరు సంవత్సరాల్లో ఓటు ఇచ్చాయి కాబట్టి ముందిచ్చిన వాటిని, వెనక ఇచ్చిన వాటిని పోల్చవచ్చు.

మహిళల ఓటునూ, 1960ల చట్టాలనూ ఒకే కొలమానంతో కొలవాలనుకుంటే నేను పసిపిల్లల ప్రాణాలను సూచిస్తాను. మాటల్లో కాదు, మరణాల పట్టికలో కనిపించే ఫలితం అది. మహిళలకు ఓటు వచ్చిన రాష్ట్రాల్లో పిల్లల మరణాలు 8 నుంచి 15 శాతం తగ్గాయని ఆర్థికవేత్త గ్రాంట్ మిల్లర్ 2008లో చూపారు. ఓటుకు, ప్రాణానికి లంకె ఏమిటంటే ప్రజారోగ్య వ్యయం. మహిళల ఓట్లకు జడిసిన శాసనసభ్యులు ఇంటింటి పరిశుభ్రత ప్రచారాలకు, నర్సులకు డబ్బు పెంచారు. కేంద్రంలో 1921 నాటి షెపర్డ్-టౌనర్ చట్టం తల్లీబిడ్డల సంరక్షణకు నిధులిచ్చింది. మహిళలంతా ఒకే గుంపుగా ఓటు వేయరని తేలాక ఆ భయం పోయింది, 1929లో ఆ నిధులూ ఆగిపోయాయి.

1960లలో నల్లజాతి శిశువుల ప్రాణాలు కాపాడిన ఘనత మాత్రం 1965 చట్టం కంటే 1964 చట్టంలోని ఆరో అధ్యాయానిది. కేంద్ర నిధులు తీసుకునే ఏ సంస్థా వివక్ష చూపరాదని అది చెబుతుంది. 1966 జూలై 1న వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ మొదలైంది. ఆ డబ్బు కావాలంటే ఆసుపత్రి తన వార్డులను కలపాల్సిందే. కొద్ది నెలల్లోనే వెయ్యికి పైగా ఆసుపత్రులు కలిపాయి. న్యుమోనియా, అతిసారం లాంటి, చికిత్స అందితే ఆగే మరణాలు మిసిసిపీ నల్లజాతి శిశువుల్లో ఆ తర్వాతి సంవత్సరాల్లో బాగా తగ్గాయని డగ్లస్ ఆల్మండ్, కెనెత్ చే, మైకేల్ గ్రీన్‌స్టోన్ నిరూపించారు. అయితే ఓటు చట్టం కూడా డబ్బును కదిలించింది. అక్షరాస్యత పరీక్షలు పోయాక, నల్లజాతి జనాభా ఎక్కువున్న కౌంటీలకు రాష్ట్ర నిధుల వాటా పెరిగిందని ఎలిజబెత్ కాసియో, ఎబొన్యా వాషింగ్టన్ 2014లో చూపారు.

1964 చట్టాన్ని ఒకే ముద్దగా చూడకండి. హోటళ్లు, రెస్టారెంట్ల గురించిన రెండో అధ్యాయం వెంటనే పనిచేసింది. అట్లాంటాలోని ఒక మోటెల్ వేసిన సవాలును సుప్రీంకోర్టు అదే ఏడాది డిసెంబర్‌లో ఏకగ్రీవంగా కొట్టేసింది. ఉద్యోగాల గురించిన ఏడో అధ్యాయం నత్తనడక నడిచింది. దాన్ని చూడాల్సిన సమాన ఉద్యోగావకాశాల కమిషన్‌కు 1972 దాకా కోర్టులో కేసు వేసే అధికారమే లేదు. మొదటి ఏడాది 100 మంది, ఆపై ఉద్యోగులున్న సంస్థలకే వర్తించింది, క్రమంగా 25కు, 1972 సవరణతో 15కు దిగింది. వర్జీనియా సభ్యుడు హోవర్డ్ స్మిత్ ప్రతిపాదనతో, మార్తా గ్రిఫిత్స్ లాంటి మహిళా సభ్యుల గట్టి వాదనతో ఈ అధ్యాయంలోకి "లింగం" చేరింది. కానీ "మగవారు కావలెను", "ఆడవారు కావలెను" అని వేరుగా ప్రకటనలు వేస్తున్నా కమిషన్ 1968 దాకా అడ్డు చెప్పలేదు. ఆ ఉదాసీనత మీద కోపంతోనే 1966లో మహిళల జాతీయ సంస్థ ఏర్పడింది. 1920 తర్వాత మహిళల జీతం బత్తెంలో పెద్ద చట్టపరమైన మార్పు తెచ్చింది ఒక పౌరహక్కుల చట్టం. ఈ రెండు ఉద్యమాలను వేరుచేసి లెక్కగట్టడం ఎంత కష్టమో ఇక్కడ తెలుస్తుంది.

ఓటు చేతికొచ్చాక దాన్ని పలచన చేసే పద్ధతులు మొదలయ్యాయి. 40 శాతం నల్లజాతి ఓటర్లున్న పట్టణంలో ఐదుగురు కౌన్సిలర్లు ఉన్నారనుకోండి. ఐదు వార్డులు చేస్తే ఇద్దరు వారు కోరుకున్నవారు గెలవచ్చు. ఐదుగురినీ పట్టణమంతా కలిసి ఎన్నుకోవాలంటే, ఓటు జాతి గీత మీద చీలితే, ఒక్కరూ గెలవరు. ఇలాంటి మార్పులకూ సెక్షన్ 5 అనుమతి కావాలని సుప్రీంకోర్టు 1969లో చెప్పింది. 1980లో అలబామాలోని మొబైల్ అనే నగరం కేసులో వివక్ష ఉద్దేశం రుజువు చేయాల్సిందే అంది. 1982లో కాంగ్రెస్, ఓటులో జాతి వివక్షను దేశమంతటా నిషేధించే సెక్షన్ 2ను సవరించి ఫలితం చూస్తే చాలంది. 19వ సవరణ విషయంలో ఇలాంటి రెండో పోరాటం లేదు. మహిళలు ప్రతి వార్డులోనూ సగం ఉంటారు, గీతలు గీసి వాళ్లను విడదీయడం కుదరదు.

మన్నిక విషయంలో తక్కెడ 19వ సవరణ వైపు మొగ్గుతుంది. 19వ సవరణను కదపాలంటే నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి. ఓటు హక్కు చట్టంలో బలమైన సెక్షన్లు గడువు ఉన్నవి. 2006లో సెనేట్ 98-0తో మరో 25 ఏళ్లు పొడిగించింది. 2013 జూన్ 25న షెల్బీ కౌంటీ కేసులో సుప్రీంకోర్టు 5-4తో సెక్షన్ 4 సూత్రం పాతబడిందని కొట్టేసింది. సెక్షన్ 5 పుస్తకంలో ఉంది, వర్తించే ఊరు లేదు. అదే రోజు టెక్సాస్ తన ఓటరు గుర్తింపు చట్టం అమలు చేస్తామని ప్రకటించింది. నార్త్ కరోలినా ఆ ఆగస్టులో తెచ్చిన చట్టంలోని ముఖ్య నిబంధనలు నల్లజాతి ఓటర్లను గురిచూసి చేసినవని అప్పీల్ కోర్టు 2016 జూలైలో రద్దు చేసింది. మధ్యలో 2014 ఎన్నికలు ఆ చట్టంలోని అనేక నియమాల కిందే జరిగిపోయాయి. భారం మళ్లీ ఓటరు మీదికి వస్తే ఏమవుతుందో ఈ మూడేళ్లు చూపించాయి.

అమెరికాలోని తెలుగువారికి ఇందులో నేరుగా సంబంధించిన సంగతులు రెండున్నాయి. 1923లో అమెరికాకు వలస వెళ్లిన భగత్ సింగ్ థింద్ పౌరసత్వ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో భారతీయులకు పౌరసత్వం మూసుకుపోయింది. 1946 దాకా అదే స్థితి. కాబట్టి వలస వచ్చిన భారతీయ మహిళకు 19వ సవరణ వల్ల ఒరిగిందేమీ లేదు. 1946 తర్వాత కూడా భారత్ కోటా ఏడాదికి 100 మంది. ఓటు హక్కు చట్టం చేసిన అదే కాంగ్రెస్ 1965లో చేసిన వలస చట్టం మీద అక్టోబర్ 3న సంతకమైంది. ఆ తర్వాతే మనవాళ్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగారు.

రెండోది ఇప్పటికీ పనికొచ్చేది. 1982లో చేర్చిన సెక్షన్ 208 ప్రకారం అంధత్వం, వైకల్యం, చదవలేకపోవడం లేదా రాయలేకపోవడం వల్ల సాయం అవసరమైన ఓటరు తనకు నచ్చిన మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. యజమాని, యజమాని తరఫు మనిషి, కార్మిక సంఘం ప్రతినిధి మాత్రం కాకూడదు. ఇంగ్లీషు రాని ఓటర్లకూ ఇది పనికొస్తుంది. పౌరసత్వం తీసుకున్న అమ్మానాన్నలకు ఇంగ్లీషు బ్యాలెట్ చదవడం రాకపోతే కొడుకు గానీ కోడలు గానీ తోడు వెళ్లి చదివి చెప్పవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో తోడు వెళ్లినవారు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. 2014లో టెక్సాస్‌లోని విలియమ్సన్ కౌంటీలో ఒక బెంగాలీ తల్లికి సాయంగా వెళ్లిన కొడుకును, అదే కౌంటీలో నమోదైన ఓటరు కాదన్న కారణంతో అనుమతించలేదు. ఆ నియమం సెక్షన్ 208కు విరుద్ధమని ఐదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు 2017లో తీర్పు చెప్పింది. మీ వాళ్లకు అలాంటి అడ్డు వస్తే పోలింగ్ కేంద్రం ప్రధాన అధికారిని పిలిపించి సెక్షన్ 208 పేరు చెప్పండి, ఓటు వేయకుండా వెనుదిరగకండి.